తీగల ముచ్చట: మూతబడ్డ గిటార్ కంపెనీల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇప్పుడు తయారీలో లేని గిటార్ల గురించే. ఎక్కువమందికి పనికొచ్చే వాటిని తీసుకున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మా బ్యాండులో రోజూ ఒకటే పంచాయితీ. మూతబడ్డ గిటార్ కంపెనీల్లో ఏది మళ్ళీ మొదలైతే బాగుంటది? ఒకడు పార్కర్ అంటడు, ఒకడు ట్రావిస్ బీన్ అంటడు. అసలు మళ్ళీ తెరిచిన కంపెనీల గిటార్లు పాతవాటి లెక్కనే ఉంటయా? మీరే తేల్చండి సార్.
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మా ఓటు పార్కర్‌కే. పేరు మీద మోజుతో వేసిన ఓటు కాదు. ఆ గిటార్ చేసే పద్ధతి ఇప్పుడు ఇంకెవరి దగ్గరా లేదు, అందుకు.

పార్కర్ ఫ్లై 1993లో వచ్చింది. రూపకల్పన కెన్ పార్కర్‌ది, పీజో పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది) పని లారీ ఫిష్‌మన్‌ది. బరువు సుమారు 2.3 కిలోలు. లెస్ పాల్ రకం గిటార్ 4 కిలోలు దాటుతుందంటే తేడా ఎంతో చూడండి. తేలికైన చెక్కను పల్చగా చెక్కి, దాని వెనక కార్బన్, గాజు నారలను ఎపాక్సీతో గట్టి పొరలాగా పట్టించారు. బలం ఆ పొరదే. ఫ్రెట్‌బోర్డులో (వేళ్ళతో నొక్కే పలకలో) గాళ్ళు కోయలేదు. కాళ్ళు లేని స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్రెట్లను (అడ్డంగా ఉండే సన్న కడ్డీలను) నేరుగా అంటించారు. ఒక్క గిటార్‌లోనే అయస్కాంత పికప్, పీజో రెండూ ఉండటంతో ఎలక్ట్రిక్, అకూస్టిక్ శబ్దాలు రెండూ వచ్చేవి. 2016లో తయారీ ఆగిపోయింది. మంచి వడ్రంగులు ఏ దేశంలోనైనా దొరుకుతారు. ఈ పొరపనికి మాత్రం అచ్చులు, యంత్రాలు, చేయి తిరిగిన మనుషులు మూడూ ఒక్కచోట ఉండాలి. రేపు ఎవరైనా పేరు కొని మామూలు చెక్క గిటార్ మీద అతికిస్తే అది ఫ్లై కాదు. వాడినది కొనేవాళ్ళు రెండు చూసుకోవాలి. ఒకటి, ప్రతి ఫ్రెట్ రెండు కొసలనూ గోటితో ఎత్తి చూడండి, అంటు వదిలితే కదులుతుంది. రెండు, దాని ట్రెమొలో (తీగలను వదులు చేసి బిగించి స్వరాన్ని ఊగించే మీట) బల్లపరుపు స్ప్రింగుతో నడుస్తుంది. 0.009 అంగుళాల తీగల సెట్‌కు ఒక స్ప్రింగు, 0.010 సెట్‌కు ఇంకొకటి. ఉన్న స్ప్రింగుకు సరిపడని తీగలు వేస్తే ట్యూనింగ్ ఎంత తిప్పినా కుదరదు.

ట్రావిస్ బీన్ కథ వేరు. 1974 నుంచి 1979 దాకా కాలిఫోర్నియాలో చేశారు. తల నుంచి బ్రిడ్జి (డొక్క మీద తీగలు ఆనే ముక్క) దాకా నెక్ అంతా ఒకే అల్యూమినియం ముక్క. జెర్రీ గార్సియా వాయించినవాటిలో ఇదీ ఉంది. మోగిన స్వరం చాలాసేపు నిలుస్తుంది, నెక్ వంగదు. కానీ లోహం వేడికి సాగుతుంది. ఏసీ గదిలో ట్యూన్ చేసి మే నెల మధ్యాహ్నం బయట స్టేజీ ఎక్కితే మళ్ళీ ట్యూన్ చేయకుండా నడవదు. మన దగ్గర వాడేవాళ్ళు స్టేజీ దగ్గరే పావుగంట ఉంచి, ఆ తర్వాత ట్యూన్ చేసుకోవాలి.

మేం కోరుకునే ఇంకొక పేరు టకోమా. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు కంపెనీ. 2004లో ఫెండర్ కొన్నది, 2008లో మూసేసింది. శబ్దరంధ్రం నడిమధ్యలో గుండ్రంగా కాకుండా, పైభుజం మీద మామిడిపిందె ఆకారంలో ఉండేది. తీగల లాగుడు పడే చోట రంధ్రం లేకపోతే పైపలక బలంగా ఉంటుంది, లోపలి కర్రలు పల్చగా పెట్టినా తట్టుకుంటుంది. వాళ్ళ పపూస్ అనే బుల్లి గిటార్‌ను మామూలు కంటే నాలుగో స్వరం పైకి, ఎ (A) నుంచి ఎ (A)కి ట్యూన్ చేసేవాళ్ళు. 5వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టిన శ్రుతి అన్నమాట. రెండు గిటార్లు కలిసి వాయించే బృందాలకు ఇది బాగా పనికొస్తుంది.

ఇక మళ్ళీ తెరిచినవాటి మాట. షికాగోలోని హార్మనీ 1892లో మొదలై 1975లో మూతబడింది. 2018లో పేరు తిరిగొచ్చింది, కానీ ఇప్పటివి పాత చవక గిటార్లలాంటివి కావు, మంచి ధర పలికే కొత్త గిటార్లు. గ్రెచ్‌ను 1967లో బాల్డ్విన్ కంపెనీ కొన్నది, 1980ల మొదట్లో తయారీ ఆగింది. గ్రెచ్ కుటుంబమే పేరు వెనక్కి తీసుకుని 1989లో మళ్ళీ మొదలుపెట్టింది. జపాన్‌లో చేయించిన ఆ గిటార్ల పనితనం బాల్డ్విన్ కాలపు వాటికంటే మెరుగనే మా అభిప్రాయం. స్వీడన్‌లోని హాగ్‌స్ట్రోమ్ 1983లో ఆగి 2000ల నడుమ తిరిగొచ్చింది. తయారీ చైనాకు మారింది గానీ, నెక్ లోపలుండే హెచ్ ఆకారపు ట్రస్ రాడ్‌ను వదల్లేదు. సన్నటి నెక్ తీగల లాగుడుకు వంగకుండా ఉండేది ఆ రాడ్ వల్లే కాబట్టి, అది ఉన్నంతవరకు కొత్తదీ హాగ్‌స్ట్రోమే.

మీ పంచాయితీ తేలాలంటే ఒకటి అడగండి: పాత గిటార్‌లో మీకు నచ్చింది ఏ భాగం? నెక్కా, పికప్పా, లోపలి కర్రలా? ఆ భాగం తిరిగొచ్చిందా లేదా చూడండి. తల మీది అక్షరాలు ఎవరైనా కొనుక్కోవచ్చు.

ప్రశ్న: మా తాత రైల్వేల ఉన్నప్పుడు కొన్న కలకత్తా గిటార్ ఉన్నది. తల మీద పేరు చెరిగిపోయింది. తీగలు 12వ ఫ్రెట్ కాడ 5 మి.మీ. ఎత్తుల ఉన్నయి, వేళ్ళు కోసుకుపోతున్నయి. అదే కంపెనీది కొత్తది దొరుకుతదా? దీన్నే బాగుచేసుకోవచ్చునా? ఆదివారం చర్చిలో వాయించాలె.
— కాజీపేట పాఠకురాలు

జవాబు: పేరు వెతకడం మానండి, దీన్నే బాగుచేసుకోండి. కలకత్తా గిటార్లలో గివ్‌సన్ లాంటివి ఇప్పటికీ వస్తున్నాయి, కానీ మీ చేతిలో ఉన్నది ముప్ఫై నలభై ఏళ్ళు ఆరిన చెక్క. ఆ కాలపు కలకత్తా గిటార్లలో చాలావాటికి తీగలు అడుగున రేకు టెయిల్‌పీస్‌కు తగిలి ఉంటాయి. బ్రిడ్జి అంటించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలుస్తుంది. మీది అలాంటిదైతే పని ఇంట్లోనే అవుతుంది. నెక్ లోపల సరిచేసే రాడ్ సాధారణంగా ఉండదు, అందుకే తీగల ఎంపికే ముఖ్యం. 0.010 నుంచి 0.047 అంగుళాల సెట్ వేయండి, మొత్తం లాగుడు సుమారు 60 కిలోలు. దుకాణంలో మామూలుగా ఇచ్చే 0.012 నుంచి 0.053 సెట్ 74 కిలోల దాకా లాగుతుంది. ఆ 14 కిలోల తేడాను మోసేది పాత జిగురే.

ముందు నెక్ అతుకు చూడండి. నెక్ మడమ, డొక్క కలిసే చోట పల్చటి కాగితం దూర్చండి. దూరితే అతుకు విడిపోతోంది. దాన్ని విప్పి మళ్ళీ అంటించే పని చేయి తిరిగినవాళ్ళకే ఇవ్వాలి. దూరకపోతే ముందుకు వెళ్ళండి. మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి, మందం తీగను డొక్క మొదలయ్యే చోటి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, 7వ ఫ్రెట్ మీద తీగకు ఫ్రెట్‌కు మధ్య సందు కొలవండి. 0.25 మి.మీ. ఉంటే బాగు, 0.5 దాకా ఫర్వాలేదు. 1 మి.మీ. దాటితే నెక్ వంగింది, బ్రిడ్జి దించి లాభం లేదు. కొలవడానికి బైక్ మెకానిక్ టాపెట్లకు వాడే ఫీలర్ గేజ్ చాలు.

తర్వాత నట్, అంటే నెక్ పైకొసన తీగలు గాళ్ళలో కూర్చునే ముక్క. ప్రతి తీగనూ 3వ ఫ్రెట్ దగ్గర నొక్కితే 1వ ఫ్రెట్ మీద కాగితమంత సందే ఉండాలి. ఎక్కువుంటే గాడిని సన్నటి ఆకురాయితో, తల వైపు వాలుగా, కొద్దికొద్దిగా దించండి. ఎక్కువ తీస్తే తీగ జరజరమంటుంది, నట్ మార్చాల్సిందే.

అప్పుడు బ్రిడ్జి. 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే బ్రిడ్జి 2 మి.మీ. దిగాలి. మీ 5 మి.మీ.ని 2.5కు తేవాలంటే బ్రిడ్జి 5 మి.మీ. దిగాలన్నమాట. నట్ సరిచేశాక మళ్ళీ కొలవండి, అక్కడే కొంత తగ్గి ఉంటుంది. తీగలు వదులు చేసి బ్రిడ్జి తీయండి. అది కూర్చునే చోట పైపలక మీద 80 నంబరు గరుకు కాగితాన్ని, గరుకు వైపు పైకి పెట్టి, అంచులు టేపుతో అంటించండి. బ్రిడ్జిని దాని మీద అటూ ఇటూ రుద్దండి. ఇలా చేస్తే అడుగు భాగం పైపలక వంపుకే అమరుతుంది. చదునుబల్ల మీద రుద్దితే నడిమధ్య సందు మిగిలి శబ్దం చచ్చిపోతుంది. చివర 120 నంబరుతో నునుపు చేయండి. మధ్యమధ్యలో తీగలు ఎక్కించి చూసుకోండి. బ్రిడ్జి మీద తీగ వంపు దాదాపు కనిపించనంతగా దిగితే అక్కడే ఆపాలి, ఒత్తిడి చాలక బ్రిడ్జి జారుతుంది, మోత పడిపోతుంది.

ఇక శ్రుతి. నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి, అంతే దూరం అవతల బ్రిడ్జి పెట్టండి. సన్నతీగ వైపు 2 మి.మీ., మందతీగ వైపు 4 మి.మీ. ఇంకా వెనక్కి జరపండి. 12వ ఫ్రెట్ మీద తాకీతాకనట్టు మీటితే వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కినది ఎక్కువ శ్రుతిలో ఉంటే బ్రిడ్జిని వెనక్కి, తక్కువైతే ముందుకు. కుదిరాక పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. జారుతోందని బ్రిడ్జికి మేకులు, స్క్రూలు మాత్రం కొట్టకండి. పైపలక అక్కడి నుంచే చీలుతుంది.

ప్రశ్న: మా చిన్నాయన దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు పాత ఎలక్ట్రిక్ గిటార్, చిన్న ఆంప్ తెచ్చిండు. వెనక పలక మీద మేడ్ ఇన్ జపాన్ అని తప్ప ఏ పేరూ లేదు. ఆంప్ మీద 100 వోల్టులు అని ఉన్నది. ఇది ఏ కంపెనీది? ప్లగ్గు పెట్టొచ్చా?
— జగిత్యాల పాఠకుడు

జవాబు: ప్లగ్గు ఇప్పుడే పెట్టకండి. 100 వోల్టుల ఆంప్‌కు మన 230 వోల్టులు తగిలితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 230 నుంచి 100కు దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ వెనక రాసిన వాట్లకు ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్నది తీసుకోండి. 110 వోల్టులదే దొరికిందని సర్దుకోవద్దు, పది శాతం ఎక్కువైనా పాత కెపాసిటర్లు ఓర్చవు. రెండు పిన్నుల పాత వైరు ఉంటే మూడు పిన్నులది వేయించి ఎర్తు కలిపించండి. ఆంప్‌లో వాల్వులు ఉంటే మాత్రం మూత మీరు విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. పాత రేడియోలు బాగుచేసిన మెకానిక్‌కు ఈ పని తెలుస్తుంది.

గిటార్ సంగతికొస్తే, ఆ పలకను బట్టి కంపెనీ చెప్పలేం. 1960, 70ల్లో జపాన్ ఫ్యాక్టరీలు ఒకే గిటార్‌ను ఎన్నో పేర్లతో ఎగుమతి చేశాయి. టీస్కో 1946లో మొదలైంది, 1967లో కవాయ్ చేతికి పోయింది. మాట్సుమొటో ఊళ్ళోని మాట్సుమొకు కుట్టుమిషన్ల చెక్కపెట్టెలు చేస్తూ గిటార్లలోకి దిగింది. ఏరియా, వెస్టోన్, వాంటేజ్ పేర్ల మీద ఎంతో చక్కని చెక్కపని చేసి 1987లో మూతబడింది. జపాన్ పాత కంపెనీల్లో ఏది తిరిగి రావాలంటే మా మనసు మాట్సుమొకు వైపే మొగ్గుతుంది.

నెక్ విప్పితే మడమ మీద, గుంట లోపల ముద్రలో పెన్సిల్ రాతో ఉండొచ్చు. విప్పేముందు తీగలు పూర్తిగా వదులు చేయండి. గుంటలో పల్చటి చెక్క లేదా అట్టముక్క కనిపిస్తే పారేయకండి, నెక్ వాలు కోసం పెట్టింది అదే. పికప్‌ల ఆరోగ్యం మల్టీమీటర్‌తో తెలుస్తుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) అయితే 5 నుంచి 8 కిలో ఓమ్‌లు, హంబకర్ (జంట చుట్టలు) అయితే 7 నుంచి 15 చూపాలి. ఏమీ చూపకపోతే లోపల తీగ తెగింది, మళ్ళీ చుట్టించాలి. వాల్యూమ్ తిప్పితే కరకరమంటే పాట్ (వాల్యూమ్ బటన్ కింది భాగం) మార్చకండి. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి, ముప్ఫైసార్లు ఇటూ అటూ తిప్పండి, చాలావాటికి అదే సరిపోతుంది. స్క్రూలు పోయాయని అమెరికా గిటార్ సామాను తెప్పించకండి. వాటిలో చాలావరకు అంగుళాల కొలత, మీది మిల్లీమీటర్ల కొలత. మర ఒక చుట్టు ఎక్కి బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి. ట్యూనింగ్ కీలకైతే రంధ్రం వెడల్పు, స్క్రూల మధ్య దూరం కొలుచుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ప్రశ్న: తల లేని స్టైన్‌బర్గర్ రకం గిటార్ కొన్నాను. రెండు కొసలా గుండ్లున్న తీగలు ఇక్కడ దొరకడం లేదు. దారేమైనా ఉందా?
— మంచిర్యాల పాఠకుడు

జవాబు: ఉంది. చాలా మోడళ్ళలో తల దగ్గరి ముక్కకు చిన్న ఆలెన్ స్క్రూలు ఉంటాయి, లేకపోతే అలాంటి అడాప్టర్ విడిగా వస్తుంది. మామూలు తీగ గుండును అడుగున ట్యూనర్‌లో పెట్టి, రెండో కొసను పైన దూర్చి బిగించాలి. అందరూ పొరబడేది ఒక్కచోటే. బిగించేముందు అడుగు ట్యూనర్‌ను పూర్తిగా వదులు వైపు తిప్పి ఉంచాలి, తీగను చేత్తో గట్టిగా లాగి పట్టుకోవాలి. లేకపోతే ట్యూనర్ ప్రయాణం అయిపోతుంది గాని శ్రుతికి రాదు. చుట్టిన తీగల కొసను స్క్రూ బిగించి, శ్రుతికి వచ్చాకే కత్తిరించండి. ముందే కత్తిరిస్తే పైచుట్టు విడిపోయి స్వరం చచ్చిపోతుంది. మొత్తం తీగలను శ్రుతి చెడకుండా ఒకేసారి ఎత్తి దించే ట్రాన్స్‌ట్రెమ్ బ్రిడ్జి ఉంటే మాత్రం ఈ దారి వద్దు, దానికి కచ్చితమైన పొడవుతో చేసిన జంటగుండ్ల తీగలే కావాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావ 1960ల నాటి రోజ్‌వుడ్ గిటార్ పంపిస్తానంటున్నాడు. కస్టమ్స్‌లో ఇబ్బందా?
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: ఏ రోజ్‌వుడ్డో తెలుసుకోవాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి పట్టికలో ఉంది. పాత గిటార్ అయినా ఆ ఒప్పందం కింద కావాల్సిన పత్రాలు లేకుండా సరిహద్దు దాటకూడదు, పట్టుబడితే గిటారే పోతుంది. మార్టిన్ కంపెనీ 1969 ప్రాంతంలో బ్రెజిల్ చెక్క నుంచి మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది కాబట్టి, 60ల నాటి ఖరీదైన గిటార్ అంటే అనుమానించాల్సిందే. మన అడవుల్లో పెరిగే జిట్రేగితో (అదే మన దేశపు రోజ్‌వుడ్) చేసినదైతే, పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి ఆ ఒప్పందం కింద మినహాయింపు ఉంది. పాతవాటి గుర్తింపు ఫోటో చూసి తేలదు. అక్కడే ఒక లూథియర్‌తో (గిటార్లు చేసి బాగుచేసే నిపుణుడితో) రాయించుకున్న కాగితం ఉంటే మంచిది.

ప్రశ్న: గుండ్రటి ప్లాస్టిక్ వీపున్న పాత ఒవేషన్ ఉంది. మే నెలలో పైపలక మీద సన్నటి పగులు వచ్చింది. వీపు బాగానే ఉంది. ఎందుకిలా?
— కరీంనగర్ పాఠకురాలు

జవాబు: వీపు గాజునార పొర. ఎండకూ తేమకూ కదలదు. పైపలక స్ప్రూస్ చెక్క, ఆరితే ముడుచుకుంటుంది. ఒకటి కదలక, ఒకటి ముడుచుకుంటే నడుమ చీలుతుంది. మన ఎండాకాలంలో అసలు ప్రమాదం కూలర్. పగలంతా కూలర్ ముందు తడిగాలి, అది ఆపగానే పొడివేడి, రోజుకు రెండుసార్లు చెక్క ఉబ్బి ముడుచుకుంటుంది. కూలర్ ఉన్న గదిలో గిటార్‌ను పెట్టెలోనే ఉంచండి. పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలి, చిన్న డిజిటల్ మీటర్ ఒకటి పడేయండి. తక్కువైతే, చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో బాగా పిండిన స్పాంజి పెట్టి మూయండి. జూన్‌లో వానలు పడగానే స్పాంజి తీసి సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. మూసిన కారులో మాత్రం ఎండలో పది నిమిషాలు కూడా వదలొద్దు, బ్రిడ్జి కింది జిగురు మెత్తబడుతుంది.

ఇప్పటి పగులుకు ముందు తేమ ఇవ్వండి, వారం పది రోజుల్లో దానంతటదే మూసుకోవచ్చు. మూసుకున్నాకే జిగురు. ఎపాక్సీ, ఇన్‌స్టంట్ జిగుర్లు వద్దు, తర్వాత ఎవరూ విప్పి బాగుచేయలేరు.

ప్రశ్న: వడ్రంగం మా కులవృత్తి. డానెలెక్ట్రో గిటార్ హార్డ్‌బోర్డుతో చేస్తారని విన్నాను. నిజమేనా? మా వర్క్‌షాపులో టేకు ముక్కలు చాలా ఉన్నాయి. అలాంటిది నేనూ చేయొచ్చా?
— వరంగల్ పాఠకుడు

జవాబు: నిజమే, మీరు చేయొచ్చు కూడా. నేథన్ డేనియల్ 1947లో న్యూజెర్సీలో పెట్టిన కంపెనీ అది. 1969లో మూతబడి, 1990ల చివర పేరు తిరిగొచ్చింది. చెక్క చట్రానికి పైనా కిందా హార్డ్‌బోర్డు అంటించి, అంచుల చుట్టూ వినైల్ పట్టీ వేసేవాళ్ళు. పికప్‌లు లిప్‌స్టిక్ గొట్టాల్లో అమర్చినవి. రెండూ కలిపి వాడితే సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) పడతాయి, అందుకే మధ్య స్విచ్‌లో మోత పెరుగుతుంది.

చట్రం 32 మి.మీ. మందం, పైనా కిందా 3 మి.మీ. బోర్డు. నెక్ కింద నుంచి బ్రిడ్జి దాటేదాకా నడుమ దిమ్మ తప్పనిసరి, మిగతా అంతా ఖాళీ. చట్రానికి టేకు వద్దు, బరువు. దేవదారు లాంటి తేలిక చెక్క చాలు. టేకును నెక్‌కు వాడండి. నిలువు ఈనె ఉన్న, రెండేళ్ళు ఆరిన ముక్క ఎంచుకోండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముఖాన్ని థిన్నర్‌తో తుడిచి, పావుగంటలోపే జిగురు పెట్టి క్లాంపులు బిగించాలి. ఆలస్యమైతే నూనె మళ్ళీ పైకొస్తుంది. పాత డానెలెక్ట్రో నెక్‌లో సరిచేసే రాడ్ లేదు, మీరు మాత్రం రెండువైపులా తిరిగే ట్రస్ రాడ్ వేయండి. రాడ్ కొన్నాక, దాన్ని కొలిచాకే గాడి తీయండి.

ఫ్రెట్ల లెక్క ఇది. నట్ నుంచి బ్రిడ్జికి 635 మి.మీ., అంటే 25 అంగుళాలు. 635ను 17.817తో భాగిస్తే 35.64, అది మొదటి ఫ్రెట్. మిగిలిన 599.36ను మళ్ళీ 17.817తో భాగిస్తే 33.64, అంటే రెండోది నట్ నుంచి 69.28 దగ్గర. మూడోది 101.03. ఇలాగే వెళ్తే 12వది సరిగ్గా 317.5 దగ్గర పడాలి, పడకపోతే లెక్క తప్పింది. అన్ని గుర్తులూ నట్ నుంచే పెట్టండి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకొకదానికి కొలుచుకుంటూ పోతే పావు మిల్లీమీటరు చొప్పున తప్పు పేరుకుని పై ఫ్రెట్లన్నీ శ్రుతి తప్పుతాయి.

మన వానాకాలంలో హార్డ్‌బోర్డు కోసిన అంచులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. అతికించే ముందే లోపలి ముఖానికి సీలర్ రెండు పూతలు వేయండి, జిగురు పడే చోట మాత్రం వదిలేయండి. పికప్, స్విచ్‌ల రంధ్రాలు కోశాక ఆ అంచులకూ పూయండి. అక్కడ మరిచిపోతే ఆగస్టుకల్లా పికప్ చుట్టూ బోర్డు లేచి, తీగలకు తగిలేంత ఎత్తుకు వస్తుంది.